మా బ్యాచ్ 18,000 డాలర్లు పోగేసింది. స్కిన్ ఆఫ్ కలర్ కోసం ఎక్కడ ఇస్తే పనికొస్తుంది?

చామనఛాయ_డాక్టర్ · శనివారం ఉదయం 9:12

అందరికీ నమస్కారం. నేను న్యూజెర్సీలో డెర్మటాలజీ (చర్మవైద్యం) ప్రాక్టీస్ చేస్తున్నాను. రెసిడెన్సీలో (డాక్టరయ్యాక చేసే స్పెషాలిటీ శిక్షణలో) మాకు పాఠాలు చెప్పిన మేడమ్ ఈ జూన్‌లో రిటైరయ్యారు. పార్టీ వద్దన్నారు, జ్ఞాపికలు అసలే వద్దన్నారు. ఊరుకోలేక పాత విద్యార్థులం 22 మందిమి కలిసి 18,000 డాలర్లు పోగేశాం.

ముప్పై ఏళ్ళు ఆవిడ చెప్పింది ఒకటే మాట. నల్లటి ఒంటి మీద ఎరుపు ఎర్రగా కనబడదు, చూడటం నేర్చుకోండి అని. అందుకని ఈ డబ్బు స్కిన్ ఆఫ్ కలర్ వైపే, అంటే గోధుమ, నలుపు రంగు చర్మాల వైద్యం వైపే వెళ్ళాలని అందరం ఒప్పుకున్నాం. ఎక్కడికి వెళ్ళాలన్న దగ్గరే వాట్సాప్ గ్రూపు నాలుగు ముక్కలైంది. కొందరు స్కిన్ ఆఫ్ కలర్ సొసైటీకి ఇచ్చేద్దాం అంటున్నారు. కొందరు మేడమ్ పేరున మనమే స్కాలర్‌షిప్ పెడదాం అంటున్నారు. ఇంకొకాయన టాంజానియాలో అల్బినిజం (పుట్టుకతో చర్మానికి రంగు లేకపోవడం) ఉన్నవాళ్ళకు సన్‌స్క్రీన్ అంటారు. మిగిలినవాళ్ళు ముదురు చర్మం మీద జబ్బులు చూపే ఫొటోల అట్లాస్ అంటున్నారు. నాకు నాలుగూ బాగానే ఉన్నాయి. అదే బాధ.

---

సందేహాల_పుట్ట · 9:40

డాక్టర్ని కాను, తెలియక అడుగుతున్నా, తిట్టకండి. చర్మం చర్మమే కదా? దీనికి వేరే శాఖ, వేరే సొసైటీ, మళ్ళీ వేరే చందా ఎందుకు? పైగా తెలుగులో దీన్నేమనాలో కూడా తెలియదు. "రంగు చర్మం" అంటే హోలీ ఆడి వచ్చినట్టుంది.

---

మూడో_ఏటి_రెసిడెంట్ · 10:05

తిట్టం సార్, మంచి ప్రశ్నే. జబ్బు ఒకటే అయినా కనబడే తీరు వేరు. తెల్లటి ఒంటి మీద గులాబీ రంగులో ఉండే ఎగ్జిమా మన ఒంటి మీద ఊదాగానో, బూడిదగానో, గోధుమ రంగులోనో ఉంటుంది. జబ్బు ఎంత ముదిరిందో లెక్కేసే స్కోర్లలో "ఎరుపు ఎంత" అనేది ఒక కాలమ్. ఎరుపు కనబడకపోతే స్కోరు తగ్గిపోతుంది, మందు డోసూ తగ్గుతుంది. పిల్లవాడు మాత్రం రాత్రంతా గోక్కుంటూనే ఉంటాడు.

చర్మం రంగును టైపులుగా విడగొట్టడానికి మేము రోజూ వాడే ఫిట్జ్‌పాట్రిక్ స్కేలు సంగతి వినండి. 1975లో దాన్ని తయారుచేసింది కాంతి చికిత్సలో ఎవరికి ఎంత డోసు ఇవ్వాలో తేల్చడానికి. అది కూడా తెల్లవారిని ఎండ ఎంత కాలుస్తుందనే లెక్క మీద. గోధుమ, నలుపు రంగులకు 5, 6 టైపులు 1988 దాకా చేరలేదు. అంటే ప్రపంచంలో కోట్లమంది ఉన్నవాళ్ళం అనుబంధంగా వచ్చాం అన్నమాట.

వీటికి తోడు ముదురు రంగువాళ్ళకే ఎక్కువగా వచ్చేవి ఉన్నాయి: కీలాయిడ్లు (గాయం మానాక ఉబ్బిపోయే మచ్చలు), మొటిమ తగ్గాక నెలల తరబడి ఉండిపోయే మచ్చలు, మంగు. నల్లజాతి మహిళల్లో నడినెత్తి నుంచి జుట్టు ఊడిపోయే సీసీసీఏ ఉంది. అది జడలు బిగించి వేయడం వల్లే వస్తుందని ఏళ్ళ తరబడి ఆ ఆడవాళ్ళనే తప్పుపట్టారు. 2019లో పీఏడీఐ3 అనే జన్యువులో మార్పులకూ దానికీ సంబంధం బయటపడింది.

---

సందేహాల_పుట్ట · 10:11

సరే, హోలీ మాట వెనక్కి తీసుకుంటున్నా.

---

గోరుమచ్చ · 10:58

నేను పేషెంటు కొడుకుని. నాన్నగారి కాలి బొటనవేలి గోరు కింద నల్లటి చార వచ్చింది. ఒక క్లినిక్‌లో ఫంగస్ అన్నారు. ఏడాదిన్నర పాటు ఫంగస్ మందు వాడాం. చార లావైంది, గోరు పక్కన చర్మానికీ రంగు పాకింది. చివరికి వేరే ఊళ్ళో ఒకావిడ చూడగానే బయాప్సీ చేసింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్. వేలు తీసేశారు. ఇప్పుడు బాగానే ఉన్నారు, దేవుడి దయ.

మా ఇంట్లో ఎవరికీ మెలనోమా నల్లవాళ్ళకు వస్తుందనే తెలియదు. బాబ్ మార్లేకి బొటనవేలి గోరు కిందే వచ్చిందని, 1981లో 36 ఏళ్ళకే పోయాడని తర్వాత చదివాను. నన్నడిగితే ఆ డబ్బుతో జనానికి తెలిసేలా ప్రచారం చేయండి. గుళ్ళలో, చర్చిల్లో, క్షౌరశాలల్లో పోస్టర్లు పెట్టండి.

---

అట్లాంటా_అత్తయ్య · 11:30

బాబూ, మీ నాన్నగారు గట్టెక్కినందుకు సంతోషం. నేను 34 ఏళ్ళు ప్రాక్టీసు చేసి మానేసినదాన్ని. ఒక మాట చెబుతాను, నొచ్చుకోకు. మీ నాన్నగారు చారను చూశారు, డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన చేయాల్సింది చేశారు. పోస్టరు అక్కర్లేదు ఆయనకి. తెలియనిది ఆ క్లినిక్‌లో ఉన్నవాళ్ళకి.

అరచేతుల్లో, అరికాళ్ళలో, గోళ్ళ కింద వచ్చే మెలనోమాకి ఎండతో సంబంధం లేదు. నల్లజాతివారిలో ఎక్కువగా కనబడేది ఈ రకమే. ఆలస్యంగా దొరుకుతుంది కాబట్టి అయిదేళ్ళు బతికేవారు వారిలో 70 శాతం దగ్గరే ఉన్నారు, తెల్లవారిలో 90 దాటి ఉన్నారు. అలాగని చార కనబడ్డ ప్రతివాళ్ళూ హడలిపోనక్కర్లేదు. మన రంగువాళ్ళకు నాలుగైదు గోళ్ళకు సన్నటి చారలుండటం మామూలే. ఒక్క గోటికే ఉండి, వెడల్పవుతూ, గోరు మొదలు చర్మంలోకి రంగు పాకితే అప్పుడు ఆగకూడదు. ఇది ఎవరికి నేర్పితే ఎక్కువమందికి మేలు? ఏడాదికి వేలమంది కాళ్ళు చూసేవాళ్ళకి.

---

గోరుమచ్చ · 11:44

అత్తయ్యగారూ, నొచ్చుకోలేదు. ఆ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇన్నాళ్ళూ నాన్న ఆలస్యం చేశాడనే అనుకుంటున్నా.

---

పిక్సెల్_పంతులు · 12:20

నేర్పడం అంటే ఫొటోలే కదా, అందుకే నా ఓటు అట్లాస్‌కి. మెడికల్ ఇమేజింగ్‌లో పనిచేస్తాను. కోవిడ్ మొదలైన ఏడాది వచ్చిన చర్మ లక్షణాల ఫొటోలను లెస్టర్, ఆవిడ సహచరులు లెక్కపెట్టారు. 130 ఫొటోల్లో 120 లేత రంగు ఒళ్ళవే, 5, 6 టైపులది ఒక్కటీ లేదు. అమెరికాలో ఆ జబ్బు ఎక్కువగా కొట్టింది ఎవర్నో అందరికీ తెలుసు. అదే 2020లో లండన్‌లో మలోన్ ముక్వెండే అనే వైద్య విద్యార్థి ఇద్దరు అధ్యాపకులతో కలిసి నల్ల చర్మం మీద లక్షణాలు ఎలా ఉంటాయో చిన్న చేతిపుస్తకం తయారుచేసి ఉచితంగా ఇచ్చాడు. ఒక విద్యార్థి చేసిన పని!

మా వైపు కూడా ఇదే గొడవ. ఏఐ మోడళ్ళను పరీక్షించడానికి స్టాన్‌ఫర్డ్‌లో 2022లో డీడీఐ అనే ఫొటోల సెట్టు విడుదల చేశారు. అన్నీ బయాప్సీతో రుజువైనవి. లేత, మధ్య, ముదురు రంగులు మూడింటికీ దాదాపు సమానంగా చోటిచ్చారు. ముదురు రంగు దగ్గరికి వచ్చేసరికి పేరున్న మోడళ్ళు తడబడ్డాయి. మొత్తం ఎన్ని ఫొటోలనుకున్నారు? 656.

---

మూడో_ఏటి_రెసిడెంట్ · 12:34

656 తక్కువా ఎక్కువా పంతులుగారూ?

---

పిక్సెల్_పంతులు · 12:41

ఫోన్ గ్యాలరీకి తక్కువ. బయాప్సీ రిపోర్టు, సమ్మతి, రంగు గుర్తింపు అన్నీ సరిచూసిన సెట్టుకి చాలా ఎక్కువ. అక్కడే ఖర్చంతా. కెమెరా చవకే, దాని వెనక కూర్చునే మనిషి సమయమే ఖరీదు. నిజం చెప్పాలంటే 18,000తో అట్లాస్ మొదలవుతుంది, పూర్తి కాదు. నా ఓటు నేనే పల్చన చేసుకున్నట్టున్నా.

---

లెక్కల_మాస్టారు · 1:15

సీపీఏని. స్వచ్ఛంద సంస్థల ఖాతాలు చూస్తాను. డాక్టర్లు డబ్బు ఇచ్చేటప్పుడు మనసుతో ఇస్తారు, తర్వాత నాకు ఫోన్ చేస్తారు. ఈసారి ముందే చెబుతున్నా.

మీరే స్కాలర్‌షిప్ పెట్టి, మీరే ఒక విద్యార్థిని ఎంచి చెక్కు రాస్తే అది బహుమతి, దానం కాదు. పన్నులో మినహాయింపు రాదు. 501(సి)(3) గుర్తింపున్న (దానాలకు పన్ను మినహాయింపు వర్తించే) సంస్థ ద్వారా, ఎంపిక వాళ్ళ చేతిలో ఉండేలా ఇవ్వాలి. సంస్థ పేరు అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో వెతికితే గుర్తింపు ఉందో లేదో నిమిషంలో తెలుస్తుంది. అక్కడే ఫారం 990, అంటే సంస్థ ఏటా ఇచ్చే లెక్కల పత్రం దొరుకుతుంది. పార్ట్ 9 తెరవండి. కార్యక్రమాలకు ఎంత, ఆఫీసుకు ఎంత, చందాలు వసూలు చేయడానికి ఎంత అని మూడు కాలమ్‌లుంటాయి. బ్రోషర్‌లో నవ్వే పిల్లల బొమ్మలకన్నా ఆ పేజీ ఎక్కువ చెబుతుంది. ఆఫీసు ఖర్చు ఉందని సంస్థను కొట్టిపారేయకండి, దరఖాస్తులు చదివే మనిషికీ జీతం ఉండాలిగా.

ఇక "మేడమ్ పేరు శాశ్వతంగా నిలిచేలా నిధి" అని మీ గ్రూపులో ఎవరో ఒకరు అని ఉంటారు. శాశ్వత నిధుల్లో మామూలుగా ఏడాదికి 4 నుంచి 5 శాతం తీస్తారు. 18,000 మీద 4 శాతం 720 డాలర్లు. ఆ 720కి పేరు మాత్రమే శాశ్వతం.

పెద్దవాళ్ళకు ఒక చిట్కా. 70 ఏళ్ళ 6 నెలలు నిండినవాళ్ళు ఐఆర్‌ఏ (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) నుంచి నేరుగా సంస్థకు పంపితే ఆ సొమ్ము ఆదాయంలో కలవదు. ఖర్చులు విడివిడిగా చూపకుండా స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్ళకు కూడా 2026 నుంచి నగదు దానాల మీద ఒకరికి 1,000, దంపతులకు 2,000 డాలర్ల దాకా మినహాయింపు ఉంది. కంపెనీల్లో పనిచేసే భర్తలు, భార్యలు ఉంటే మ్యాచింగ్ గిఫ్ట్ (ఉద్యోగి ఇచ్చినదానికి కంపెనీ జతచేసే సొమ్ము) అడగండి. అడగక పోయే డబ్బే ఎక్కువ.

---

చామనఛాయ_డాక్టర్ · 1:50

మాస్టారూ, శాశ్వత నిధి అన్నది నేనే. 😐

---

అట్లాంటా_అత్తయ్య · 2:25

పేరు నిలవడం గురించి వచ్చింది కాబట్టి థియొడోర్ లాలెస్ కథ చెప్పాలి. ఈ తరం పిల్లలకు తెలియదు. 1892లో లూసియానాలో పుట్టిన నల్లజాతి డెర్మటాలజిస్టు. షికాగో సౌత్ సైడ్‌లో ఆయన క్లినిక్ ముందు తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఒకే వరసలో నిలబడేవారు. నార్త్‌వెస్టర్న్‌లో ఏళ్ళ తరబడి పాఠం చెప్పాడు. యూరప్‌లో పైచదువులకు వెళ్ళాలనుకున్నప్పుడు ఆయనకు దారి చూపింది కొందరు యూదు డాక్టర్లు.

తర్వాత బాగా సంపాదించాడు, బాగా పంచాడు. ఇజ్రాయెల్‌లో బైలిన్‌సన్ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగానికి డబ్బిచ్చాడు, తనకు తలుపు తీసినవాళ్ళ ఋణం అన్నట్టు. న్యూ ఆర్లీన్స్‌లో డిల్లర్డ్ యూనివర్సిటీకి ఇచ్చాడు. 1954లో నల్లజాతి ప్రముఖులకిచ్చే స్పింగార్న్ మెడల్ వచ్చింది, 1971లో పోయాడు.

నాకు నచ్చేదేమిటంటే ఆయన్ని మార్చింది ఎవరో రాసిచ్చిన చెక్కు కాదు. పలానా ఊళ్ళో పలానా ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళు, నా పేరు చెప్పు అని ఒకరు అన్నారు చూడండి, అదీ. మేం రెసిడెన్సీకి ప్రయత్నించే రోజుల్లో మాకు ఆ మాట చెప్పేవాళ్ళు లేరు.

---

మూడో_ఏటి_రెసిడెంట్ · 3:10

అత్తయ్యగారు సరిగ్గా నొప్పి ఉన్నచోటే నొక్కారు. అమెరికా జనాభాలో నల్లజాతివారు 13 శాతం దాకా ఉంటే డెర్మటాలజిస్టుల్లో 3 శాతమే. వైవిధ్యం తక్కువున్న స్పెషాలిటీల్లో ఎముకల వాళ్ళ తర్వాత మాదే. తెలివి లేక కాదు. డెర్మ్ సీటు రావాలంటే వేరే ఊళ్ళ ఆసుపత్రుల్లో ఒక్కోటి నెల చొప్పున రొటేషన్లు (శిక్షణ) చేయాలి, విమానం, అద్దె మన జేబులోంచే. చాలామంది ఒక ఏడాది జీతం లేకుండా రీసెర్చ్ చేస్తారు. కాలేజీలో డెర్మటాలజీ విభాగమే లేకపోతే సిఫారసు ఉత్తరం రాసిచ్చేవాళ్ళు కూడా ఉండరు.

నేను నాలుగో ఏడు రొటేషన్‌లో స్నేహితుడి సోఫా మీద 5 వారాలు పడుకున్నాను. వాడికి అప్పుడే పెళ్ళయింది. ఆ దంపతులకు నేను ఇప్పటికీ ఋణపడే ఉన్నాను.

స్కిన్ ఆఫ్ కలర్ సొసైటీ చేసే పనుల్లో నాకు బాగా విలువైనవిగా కనబడేవి మెంటార్‌షిప్, యువ పరిశోధకులకిచ్చే గ్రాంట్లు. ఆ సొసైటీని సూజన్ టేలర్ 2004లో మొదలుపెట్టారు. అంతకు ముందు 1999లో ఆవిడా, విన్సెంట్ డిలియో కలిసి న్యూయార్క్‌లో స్కిన్ ఆఫ్ కలర్ సెంటర్ తెరిచారు, ఈ దేశంలో అలాంటిది అదే మొదటిది. ఆవిడే 2025 మార్చిలో అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ అధ్యక్షురాలయ్యారు. మా లాంజ్‌లో ఆ రోజు కేకు కోశాం.

---

నిక్కచ్చి · 3:32

కేకు బాగుంది కానీ ఒకటి మర్చిపోతున్నారు. 2024లో అదే అకాడమీలో డీఈఐ (అన్ని వర్గాలవారికీ చోటు కల్పించే) కార్యక్రమాలు ఎత్తేయాలని కొందరు సభ్యులు తీర్మానం పెట్టారు. అందరూ మీలా అనుకోవడం లేదు. నేనూ కొంత వాళ్ళ వైపే. రోగం చూసి వైద్యం చేయండి, రంగు చూసి సీట్లెందుకు?

---

మూడో_ఏటి_రెసిడెంట్ · 3:37

ఆ తీర్మానం శాన్ డియాగో మీటింగ్‌లో ఓడిపోయిందని కూడా రాయండి మరి. పైగా ఇక్కడ ఎవరూ రంగు చూసి సీటు ఇమ్మనలేదు. సోఫా మీద పడుకోకుండా రొటేషన్ చేసే వీలు

---

మోడరేటర్ · 3:52

రెసిడెంట్‌గారూ, సగంలో పోస్ట్ అయింది, పర్లేదు, అర్థమైంది. నిక్కచ్చిగారు చెప్పిందీ అర్థమైంది. దాని కోసం వేరే దారం (థ్రెడ్) తెరవండి. ఇక్కడ 18,000 గురించే.

---

నిక్కచ్చి · 4:00

సరే. 18,000 గురించే చెబుతా. డిగ్రీ చేతికొస్తే లక్షలు సంపాదించే వాళ్ళకు విమానం టికెట్లు కొనడం కన్నా టాంజానియా సన్‌స్క్రీన్ నయం. అక్కడ అల్బినిజం ఉన్నవాళ్ళు చర్మ క్యాన్సర్‌తో చిన్న వయసులోనే పోతున్నారు. ఇక్కడి డాలరుకి అక్కడ బలమెక్కువ.

---

చామనఛాయ_డాక్టర్ · 4:41

ఇది నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది నిక్కచ్చిగారూ. మా గ్రూపులో సన్‌స్క్రీన్ ఆయన వాదన కూడా ఇదే. టాంజానియాలోని మోషిలో రీజనల్ డెర్మటాలజీ ట్రైనింగ్ సెంటర్ 1992 నుంచి ఉంది. కిలిసన్ అనే సన్‌స్క్రీన్‌ని అక్కడే తయారుచేసి అల్బినిజం ఉన్నవాళ్ళకు ఉచితంగా అందేలా చేస్తున్నారు. దానికి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

---

అట్లాంటా_అత్తయ్య · 5:20

ఎదురు చెప్పక్కర్లేదు, కానీ పూర్తిగా చూడండి. ఆ మోషి కేంద్రం పేరులోనే ట్రైనింగ్ ఉంది. ఆఫ్రికాలో చాలా దేశాల్లో డెర్మటాలజిస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. అందుకే ఆ కేంద్రం పెట్టినవాళ్ళు ఊరికే మందులు పంపకుండా, క్లినికల్ ఆఫీసర్లకు (డాక్టరు డిగ్రీ లేకుండా వైద్యం చేసేవాళ్ళకు) చర్మం చూడటం నేర్పి వాళ్ళ వాళ్ళ ఊళ్ళకు పంపడం మొదలుపెట్టారు. సన్‌స్క్రీన్ తయారీ ఆ నేలలో మొలిచిందే.

అయితే సన్‌స్క్రీన్ అనేది ప్రతి నెలా, ప్రతి ఏడూ కావాలి. ఒక్కసారి 18,000 ఇచ్చి మళ్ళీ మొహం చూపించకపోతే అవతలివాళ్ళు మూడో ఏడు ఏం చేస్తారు? అక్కడికి ఇవ్వదలిస్తే నెలనెలా కొంచెం ఇవ్వాలి. నేను అలాగే ఇస్తున్నాను, ఎంతో చెప్పను. ఒక్కసారి వచ్చిన డబ్బుని ఒక్కసారి చేస్తే పూర్తయ్యే పనికి పెట్టాలి. ఒక పిల్ల రెండు నెలలు మంచి గురువు దగ్గర కూర్చుని వచ్చిందనుకోండి, ఆ పని పూర్తయినట్టే. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఆవిడ చూసే కాళ్ళన్నీ మీ ఖాతాలోనే.

---

లెక్కల_మాస్టారు · 5:33

అత్తయ్యగారూ, మీరు మా ఆఫీసుకి వచ్చి క్లయింట్లకి ఇదే చెబితే నాకు సగం పని తగ్గుతుంది.

---

సందేహాల_పుట్ట · 6:15

ఒక చిన్న సందేహం, దారానికి సంబంధం లేదు. నా భార్యకి మంగు. తెల్లటి సన్‌స్క్రీన్ రాస్తే బూడిద పూసుకున్నట్టుందని మానేసింది. రంగు కలిపినవి పనిచేస్తాయా?

---

మూడో_ఏటి_రెసిడెంట్ · 6:22

రంగు కలిపినవే మంచివి సార్. మంగుని యూవీ ఒక్కటే కాదు, కంటికి కనబడే వెలుగు కూడా ముదిరేలా చేస్తుంది, మన రంగు వాళ్ళలో మరీను. మామూలు సన్‌స్క్రీన్లు దాన్ని అంతగా ఆపవు. టింటెడ్ వాటిలో ఉండే ఐరన్ ఆక్సైడ్ ఆపుతుంది. లేబుల్ మీద అది ఉందో లేదో చూడండి. మీ ఆవిడ ఒంటి రంగుకి దగ్గర షేడ్ తీసుకోండి.

---

చామనఛాయ_డాక్టర్ · ఆదివారం రాత్రి 8:50

నిన్నంతా ఈ దారం మా గ్రూపులో పెట్టాను. ఇవాళ మధ్యాహ్నం ధైర్యం చేసి మేడమ్‌కే ఫోన్ చేశాం. ముందు తిట్టారు, "డబ్బు పోగేయమని ఎవరన్నారు" అని. తర్వాత పది నిమిషాలు అడిగిన ప్రశ్నలన్నీ మాస్టారు అడిగినవే. శాశ్వత నిధి మాట ఎత్తగానే, నేను శాశ్వతం కాదు, నా నిధెందుకు శాశ్వతం అన్నారు. పేరు కూడా వద్దన్నారు. దాని మీద మాత్రం ఇంకా బతిమాలుతున్నాం.

తేలింది ఇదీ. ఏడాదికి 6,000 చొప్పున మూడేళ్ళలో మొత్తం ఖర్చుపెట్టేస్తాం. కాలేజీలో డెర్మటాలజీ విభాగం లేని విద్యార్థులకే. స్కిన్ ఆఫ్ కలర్ క్లినిక్ ఉన్నచోట రొటేషన్ చేయడానికి ప్రయాణం, బస. సంస్థ ద్వారానే ఇస్తాం, ఈ పనికే వాడాలని షరతు రాసిస్తాం, ఎంపిక వాళ్ళదే. మాలో ముగ్గురికి కంపెనీ మ్యాచింగ్ ఉందని ఇవాళే తెలిసింది, ఇంకో 2,400 వస్తుంది. సన్‌స్క్రీన్ ఆయనతో కలిసి అయిదుగురం మోషికి నెలనెలా విడిగా పంపుతాం. పంతులుగారూ, వెళ్ళే విద్యార్థులు అక్కడి క్లినిక్ అనుమతి, పేషెంటు సమ్మతి తీసుకుని కేసుల ఫొటోలు తెచ్చే వీలుందేమో సంస్థని అడుగుతున్నాం.

---

పిక్సెల్_పంతులు · 9:05

సమ్మతి పత్రం నమూనా నేను రాసిస్తా. లైటింగ్ ఎలా పెట్టాలో కూడా ఒక పేజీ. ముదురు చర్మాన్ని ఫ్లాష్‌తో తీసి పాడుచేసిన ఫొటోలు చూసి చూసి విసిగిపోయాను.

---

గోరుమచ్చ · 9:18

నాన్నకి ఈ దారం చదివి వినిపించాను. తన వేలి ఫొటోలు మొదటి రోజు నుంచీ నా ఫోన్‌లో ఉన్నాయి, తేదీలతో సహా. పనికొస్తాయంటే వాడుకోమన్నాడు. సంతకం పెడతాడట.

---

మూడో_ఏటి_రెసిడెంట్ · 9:31

అంకుల్‌కి నా నమస్కారాలు చెప్పండి. అలాంటి వరస మా క్లాసుల్లో ఎక్కడా లేదు.

చామనఛాయగారూ, దరఖాస్తు ఫారం రాసేటప్పుడు ఒక్కటి చూసుకోండి. డెర్మటాలజీ ప్రొఫెసర్ దగ్గర సిఫారసు ఉత్తరం తెమ్మని అడగకండి. అది లేనివాళ్ళకే కదా మీరు ఇస్తున్నది.

---

చామనఛాయ_డాక్టర్ · 9:34

అయ్యో. డ్రాఫ్ట్‌లో రెండు ఉత్తరాలు అడిగాం. తీసేస్తున్నా.